ఇన్‌చార్జి కోచమ్మ, మాట్లాడని అత్తగారు

కాలేజీ వెనక, సైకిళ్ళ షెడ్డు దాటాక, ఒక ఇరుకు గది ఉంది. సగం గదిని బ్యాట్లూ, చిరిగిన గ్లవ్‌లూ, సున్నం బస్తా ఆక్రమించుకున్నాయి. మిగిలిన సగంలో ఒక కుర్చీ. తలుపు మీద ‘సాఫ్ట్‌బాల్ కోచ్, ఇన్‌చార్జి’ అని బోర్డు. రాసిన పెయింటర్ ఏ ధ్యాసలో ఉన్నాడో గానీ ‘కోచ్’ అన్నది చిన్నగానూ, ‘ఇన్‌చార్జి’ అన్నది ఇంత లావుగానూ రాసి పోయాడు. ఆ కుర్చీలో కూర్చునే ఆవిడని అమ్మాయిలు ఎదురుగా మేడమ్ అంటారు, చాటుగా కోచమ్మ అంటారు. చాటుగా అనేదే ఆవిడకి ఎక్కువ ఇష్టమని వాళ్ళకి తెలియదు. ఆరేళ్ళ నుంచీ ఆవిడ ఇన్‌చార్జే. అంటే ఏమిటయ్యా అంటే, చాకిరీ అంతా నీది, కుర్చీ మాత్రం నీది కాదు అని. ఈ మాట కనిపెట్టిన మహానుభావుడు ఎక్కడైనా కనిపిస్తే నిలబెట్టి కడిగెయ్యాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

కోచమ్మ కోచ్ ఎలా అయిందీ అంటే, ఆడకపోవడం వల్ల అయింది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. చదువుకునే రోజుల్లో ఆవిడ ఇదే కాలేజీ జట్టులో ఉండేది. ఉండేదంటే పేరుకి ఉండేది. చదువైపోయేదాకా బెంచీకి అతుక్కుపోయింది. పొరపాటున ఎవరైనా బ్యాట్ చేతికిచ్చినా, ఆవిడకీ బంతికీ ఏదో పాత తగువు ఉన్నట్టు ఒకదాని దారికి ఒకటి వచ్చేవి కావు. ఊరికే కూర్చుంటే ఏం తోస్తుంది? ఎదుటి జట్టు కోచ్ చేతులు చూస్తూ కూర్చునేది.

బంతిని కొట్టి, మూల మూలకీ ఉన్న మూడు బేస్‌లూ చుట్టి, చివరికి హోమ్ ప్లేట్ తొక్కితే ఒక పరుగు, అదీ ఈ ఆట. అందులో ఒక తమాషా ఉంది. మూడో బేస్ పక్కన సున్నంతో ఒక గడి గీస్తారు. బ్యాటింగ్ చేసే జట్టు కోచ్ అందులో నిలబడి తన పిల్లలకి సైగలు చేస్తుంటుంది. పరిగెత్తు, ఆగు, గట్టిగా కొట్టు, కొట్టకుండా బంతిని బ్యాట్‌తో మెల్లగా తోసి కాలికి బుద్ధి చెప్పు, ఇవన్నీ సైగలే. ముక్కు ముట్టుకుంటారు, చెవి లాక్కుంటారు, మోచెయ్యి రుద్దుకుంటారు. అందులో ముప్పాతిక వంతు ఎదుటివాళ్ళని బురిడీ కొట్టించడానికే. తెలియనివాళ్ళు చూస్తే పాపం ఏ దురదగొండాకో తగిలి వచ్చిందనుకుంటారు.

రెండో ఏడాదికల్లా మన బెంచీ పిల్లకి ఈ విద్య పట్టుబడింది. “ఇప్పుడు ఆ పిల్ల పరిగెడుతుంది చూడు” అనేది, ఆ పిల్ల పరిగెత్తేది. అప్పటి కోచ్‌ని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన ఒక చెవి ఇటు పడేసి అంతా విన్నాడు.

“నువ్వు ఆడొద్దు తల్లీ. నీకు దణ్ణం పెడతాను, ఆ బెంచీ దిగొద్దు,” అన్నాడు.

అదీ ఆవిడ ఉద్యోగ జీవితానికి పునాదిరాయి. చదువయ్యాక బ్యాంకులో గుమాస్తాగా చేరినా సాయంత్రం అయ్యేసరికి మైదానంలో వాలేది. నీళ్ళ క్యాన్లు మోసింది, సున్నం గీతలు గీసింది, తెగిన గ్లవ్‌లు కుట్టింది, కంచె అవతల తుప్పల్లో బంతులు వెతికింది. అసిస్టెంట్ అని పిలవడానికి కూడా ఎవరికీ తోచలేదు. ఎప్పుడో ఒకనాడు పెద్దాయన తన సైగలన్నీ ఆవిడకి నేర్పాడు. టోపీ అంచు ముట్టుకునేదాకా చేసేదంతా ఉత్తుత్తిదే, టోపీ తర్వాత వచ్చే మొదటి సైగే అసలుది. ఆ రోజు ఆవిడ ఇంటికి నడిచి వచ్చిందో గాల్లో తేలి వచ్చిందో ఆవిడకే తెలియదు.

అంతా బాగుంది గానీ, ఆవిడ సైగలకి ఒక జబ్బు ఉంది. చిన్నగా చెయ్యడం చేతకాదు. పెద్దాయన ముక్కు ముట్టుకుంటే ఈగని తోలుకున్నట్టుండేది. ఈవిడ ముట్టుకుంటే ముక్కు ఉందో లేదో చూసుకుంటున్నట్టుండేది. అలవాటు ముదిరి మైదానం బయట కూడా వచ్చేసింది. ఒకసారి బస్టాపులో ఏదో ఆలోచిస్తూ మోచెయ్యి రుద్ది చెయ్యి పైకెత్తితే, ఆవిడ ఎక్కనక్కర్లేని బస్సు ఒకటి వచ్చి ఆగింది. డ్రైవర్ మొహం చూసి మొహమాటానికి ఎక్కింది కూడా.

ఇక ఇంటి సంగతి. భర్త గడియారాలు బాగుచేసే ఆయన. వీధిలో అందరికీ గడియారాలాయన. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు తీర్చడానికే ఉన్నట్టు వాళ్ళమ్మ ఉండేది. కోచమ్మ అత్తగారు పబ్లిక్ లైబ్రరీలో రీడింగ్ రూమ్ చూసుకునేది. జీవితమంతా ఆ గదిలో మాట పైకి రాకుండా కాపలా కాసింది. అక్కడ ఆవిడ కూడా మాట్లాడకూడదు కదా, అందుకని అన్నీ చేతులతోనే. కళ్ళజోడు ఒక వేలితో పైకి తోసిందంటే ఉన్నచోటే ఉండు, కదిలావా అయిపోయావు అని. మెడ దగ్గర పై బొత్తాం తాకిందంటే మెల్లగా, చప్పుడు చెయ్యకు అని. భుజం మీద శాలువా సర్దుకుందంటే ఇక లేచి బయటికి నడువు అని. ఎంతెంత మొనగాళ్ళయినా ఆ శాలువా కదిలితే పుస్తకం మూసి లేచి పోయేవారట. పగలంతా అలా బిగబట్టుకున్న మాటలన్నీ సాయంత్రం ఇంట్లో కుమ్మరించేది. కోడలికి ఆ మాటలంటే ప్రాణం. మాటల్లో సగం తిట్లే అనుకోండి, అయినా సరే.

అలాంటిది, ఆరేళ్ళ కిందట పెద్దాయన మోకాళ్ళు అరిగిపోయి ఇంటిపట్టున కూర్చున్నాడు. జట్టుని చూసుకోమని కాలేజీవాళ్ళు ఈవిడని అడిగారు. ఈవిడ ముందూ వెనకా చూడకుండా బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా పారేసి ఇంటికొచ్చి చెప్పింది. అత్తగారు తింటున్న కంచం పక్కకి జరిపింది.

“నిక్షేపంలాంటి బ్యాంకు కుర్చీ వదిలి, ఎండలో నిలబడి ఒళ్ళు గోక్కునే ఉద్యోగమా? ఇదిగో చెబుతున్నాను, నీతో గానీ ఆ సాఫ్ట్‌బాల్ బాపతు ఎవరితో గానీ ఇక నేను మాట్లాడను.”

కోపంలో అందరం అంటాం ఇలాంటివి. రెండు రోజులకి మర్చిపోతాం. ఆవిడ మర్చిపోయే రకమా? రీడింగ్ రూమ్ మనిషి. మాట్లాడను అంటే మాట్లాడలేదు. కొడుకుతో గలగలా మాట్లాడేది, కోడలు గదిలోకి రాగానే కుళాయి కట్టేసినట్టు ఆగిపోయేది. ఏదైనా చెప్పాల్సి వస్తే సైగే. కళ్ళజోడు, బొత్తాం, శాలువా.

కాలేజీలో బట్టలుతికే మిషను పాడై, బాగుచేయిస్తామని చెబుతూనే ఉన్నారు. అందుకని ప్రతి ఆదివారం జట్టంతా యూనిఫాంల మూటలతో కోచమ్మ ఇంటికి వచ్చేది. ఉతుక్కుని, ఆరేసుకుని, అక్కడే భోంచేసి పోయేవాళ్ళు. అత్తగారు వాళ్ళతోనూ మాట్లాడదు. కానీ వంటింట్లో పదిమంది ఆడపిల్లలు తిరుగుతుంటే అదుపులో పెట్టకుండా ఉండగలదా? కళ్ళజోడు పైకి వెళితే ఎక్కడివాళ్ళక్కడ శిలల్లా నిలబడాల్సిందే. బొత్తాం తాకితే గిన్నెలు కూడా గుసగుసలాడాల్సిందే. శాలువా సర్దితే పెరట్లోకి పరుగు. మొదటి ఆదివారం బిత్తరపోయిన పిల్ల మూడో ఆదివారానికి ఆవిడ వేలు కదిలీ కదలకముందే కదిలేది. జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తే అమ్మాయిని చిట్టెలుక అంటారు. దానికైతే అత్తగారంటే ఎంత హడలో, మేడమ్ అంటే అందులో పదోవంతు కూడా లేదు.

ఇలా సాగుతుండగా ఒకరోజు ప్రిన్సిపాల్ కబురు పెట్టాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఎటు గాలి వీస్తే అటు తల ఊపుతాడు, అంతే.

“ఎంతకాలమని ఈ ఇన్‌చార్జి మేడమ్? ఎవరో ఒకళ్ళని ఖాయం చెయ్యాలి కదా. పక్క కాలేజీ కోచ్ కూడా అడుగుతోంది. మీ శిష్యురాలేనట. మంచి పిల్ల. శనివారం ఎలాగూ మీ రెండు జట్లకీ మ్యాచ్ ఉంది కదా, నేనూ వస్తాను. చూద్దాం.”

ఆ ‘చూద్దాం’ కోచమ్మ గుండెల్లో రాయిలా పడింది. పక్క కాలేజీ కోచ్ ఎవరో కాదు, పెద్దాయన ఉన్నప్పుడు తను వెనకుండి తర్ఫీదిచ్చిన పాత కెప్టెన్. బ్యాంకు వదలకముందు రోజుల్లోని పిల్ల. పెద్దాయన సైగలన్నీ కూర్చోబెట్టి నేర్పింది తనే. ఓడితే కుర్చీ దానిది. బ్యాంకు కుర్చీ ఎప్పుడో పోయింది, ఈ కుర్చీ కూడా పోతే ఈ వయసులో ఏ బెంచీ మీద కూర్చోవాలి? కుర్చీ సంగతి అలా ఉంచండి. మూడో బేస్ పక్కన ఆ సున్నం గడి లేని సాయంత్రాన్ని ఆవిడ ఊహించుకోలేకపోయింది.

రాత్రి భోజనాల దగ్గర గడియారాలాయన అడిగాడు. “పోనీ ఆ సైగలు మార్చకూడదూ?”

“పెద్దాయన ఇచ్చినవండీ. మార్చబుద్ధి కాదు. అయినా అది అప్పుడెప్పుడో నేర్చుకుంది. ఈపాటికి మర్చిపోయి ఉంటుంది లెండి.”

చూశారా పొగరు. తను నేర్పితే ఎవరైనా మర్చిపోతారా? ఆ మాత్రం తోచలేదు ఆవిడకి. బల్లకి ఆ చివర అత్తగారు తల ఎత్తకుండా తింటోంది. వింటోందని మాత్రం చెవులే చెబుతున్నాయి.

శనివారం మైదానానికి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర అత్తగారు బూట్లు వేసుకుంటోంది. చేతిలో గొడుగు, వెనక తోడుగా గడియారాలాయన. కోచమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆరేళ్ళలో ఒక్క మ్యాచ్‌కీ రాని మనిషి, చూసి చూసి ఇవాళే వస్తోంది. నేను ఓడటం కళ్ళారా చూడ్డానికే, అనుకుంది. ఎందుకొస్తున్నావని అడిగే దారీ లేదు, అడిగినా జవాబు రాదు.

ఆట మొదలైన కాసేపటికే కొంప మునిగిందని తెలిసిపోయింది. కోచమ్మ టోపీ ముట్టుకుని చెవి లాక్కుంది, అంటే పరిగెత్తు అని. అవతలి బెంచీ దగ్గర పాత కెప్టెన్ ఒక్క ఈల వేసింది. చిట్టెలుక రెండో బేస్‌కి చేరేసరికి బంతి అక్కడ దాని కోసం ఎదురుచూస్తోంది. ఈసారి టోపీ తర్వాత నడుము ముట్టుకుంది, అంటే మెల్లగా తోయి అని. ఈల. ఎదుటి పిల్లలు ముందే నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడ్డారు. టోపీ, మోచెయ్యి. ఈల. ఏం చేసినా ఈలే. పాత కెప్టెన్ దూరం నుంచి గురువుగారికి ఒక దణ్ణం కూడా పెట్టింది, గడుగ్గాయి. అవతలివాళ్ళు రెండు పరుగులు చేశారు. మనవాళ్ళు కిందా మీదా పడి, ఎవరి సైగా లేకుండా పెద్దపిల్ల ఒకతి గుడ్డిగా బాదిన దెబ్బతో రెండూ తెచ్చుకున్నారు. మనవాళ్ళకి బ్యాటింగ్ ఇంకా ఒక్క వంతే మిగిలింది. ఆ వంతులో ఒక్క పరుగు వస్తే గెలుపు. రాకపోతే, సైగ చేస్తే ఈల వినిపించే ఈ నరకం ఇంకా సాగుతుంది. ఎక్కడిదాకా సాగుతుందో ఆవిడకి తెలుసు.

“మేడమ్, మీరు ఏం చెయ్యకుండా నిలబడితే నయమేమో,” అంది చిట్టెలుక భయపడుతూనే. కోచమ్మకి కోపం రాలేదు. ఏడుపొచ్చింది. అప్పటికప్పుడు కొత్త సైగలు చెబితే ఈ పిల్లలు చెవికీ ముక్కుకీ తేడా మర్చిపోయి ఒకరి మీద ఒకరు పడతారు. ఏం చెయ్యాలో తోచక జనం వైపు చూసింది.

మెట్ల మీద ప్రిన్సిపాల్ ఫోనులో పెద్ద గొంతుతో మాట్లాడుతున్నాడు. “ఆ, ఆ, అయిపోవచ్చింది. సోమవారం కొత్త కోచ్ చేత...” ఆయన పక్కనే కోచమ్మ అత్తగారు. ఆవిడ ఆయన వైపు తిరగనైనా లేదు. ఒక వేలితో కళ్ళజోడు పైకి తోసింది.

ప్రిన్సిపాల్ నోరు టక్కున మూతపడింది. ఒకప్పుడు ఆయన కూడా ఆ రీడింగ్ రూమ్‌లో చదువుకున్నవాడే మరి. ఫోను జేబులో పెట్టుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. అది కాదు విడ్డూరం. ఇక్కడ బెంచీ దగ్గర నీళ్ళు తాగుతున్న పిల్లలు ముగ్గురు ఆ వేలు చూసి, గ్లాసులు నోటి దగ్గరే పెట్టుకుని శిలల్లా ఆగిపోయారు. ఆదివారాల అలవాటు.

కోచమ్మ ఆ పిల్లల్ని చూసింది, అత్తగారిని చూసింది, అవతలి బెంచీ దగ్గరున్న పాత కెప్టెన్‌ని చూసింది. ఆ పిల్ల కూడా తన ఇంట్లో భోంచేసినదే. కానీ అది తిన్నది అత్తగారు గలగలా మాట్లాడే రోజుల్లో. ఈ చేతుల భాష దానికి ఒక్క ముక్క రాదు.

పిల్లల్ని దగ్గరికి పిలిచింది. “ఆదివారం మా వంటింట్లో ఉన్నాం అనుకోండి. నేను మేడమ్‌ని కాదు, మా అత్తయ్యని. అర్థమైందా?”

“బాబోయ్,” అంది చిట్టెలుక. అర్థమైందన్నమాట.

ఆఖరి వంతు. చిట్టెలుక ఎలాగో మొదటి బేస్ చేరింది. కోచమ్మ తువ్వాలు భుజాన వేసుకుని గడిలో నిలబడింది. మాటిమాటికీ టోపీ ముట్టుకుంటూ ముక్కు, చెవి, నడుము, మోచెయ్యి, పెద్దాయన సైగలన్నీ మేళంలా వాయించింది. అవతల ఈలల మీద ఈలలు. ఎదుటి పిల్లలు ముందుకీ వెనక్కీ గింగిరాలు తిరిగారు. అదంతా అయ్యాక ఆవిడ తువ్వాలు భుజం మీద కాస్త సర్దుకుంది. బంతి విసిరే పిచ్చర్ చేతిలోంచి అది జారగానే చిట్టెలుక తోక మీద నిప్పు పడ్డట్టు ఉరికింది. రెండో బేస్. మళ్ళీ సర్దుకుంది. మూడో బేస్. ఇప్పుడది కోచమ్మ పక్కనే నిలబడి రొప్పుతోంది. పాత కెప్టెన్ ఈల నోట్లోనే పెట్టుకుని ఆవిడ ఒంటిని పైనుంచి కిందికి వెతుకుతోంది.

ఒకతి అవుటయ్యింది. బ్యాట్ ఇప్పుడు పెద్దపిల్ల చేతిలో ఉంది. ఇందాక బాదిన పిల్ల కదా, అవతలివాళ్ళు అంతా భయంతో వెనక్కి జరిగి నిలబడ్డారు. మళ్ళీ బాదాలని దానికీ చేతులు దురద పెడుతున్నాయి. కోచమ్మ చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. పై బొత్తాం తాకింది. మెల్లగా, చప్పుడు చెయ్యకు. తర్వాత తువ్వాలు సర్దుకుంది. లేచి బయటికి నడువు.

పెద్దపిల్ల ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత, వంటింట్లో గిన్నె కింద పెట్టినంత మెత్తగా బంతిని బ్యాట్‌తో తాకించింది. బంతి నాలుగడుగులు దొర్లి, ఇక చాలన్నట్టు ఆగింది. దాన్ని అందుకోవాల్సినవాళ్ళంతా ఎక్కడో దూరాన ఉన్నారు. వాళ్ళు పరిగెత్తుకొచ్చేలోపు చిట్టెలుక దుమ్ములో జారుతూ వచ్చి ఇంటి గడప తొక్కినట్టు హోమ్ ప్లేట్ తొక్కేసింది. అంపైర్ రెండు చేతులూ చాపాడు. అయిపోయింది, గెలిచారు.

పిల్లల కేకల్లో ప్రిన్సిపాల్ దిగి వచ్చాడు. “నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను మేడమ్, సోమవారం పెయింటర్ వస్తాడు, ఆ ఇన్‌చార్జి అన్న ముక్క చెరిపిస్తాను,” అన్నాడు. వెనక అత్తగారు వస్తున్నట్టు చూసి మిగతాది మింగేసి పక్కకి తప్పుకున్నాడు. పాత కెప్టెన్ వచ్చి, “ఆ తువ్వాలేంటి మేడమ్, నాకు నేర్పలేదే,” అంది. “నాకూ ఇవాళే తెలిసిందే,” అంది కోచమ్మ. అది అబద్ధం కాదు.

అత్తగారు గొడుగు కర్ర ఊతంగా మెట్లు దిగి, సున్నం గీత దాకా వచ్చి ఆగింది. పిల్లలు గబగబా వరసలో నిలబడ్డారు. కోచమ్మ తువ్వాలు తీసి వెనక దాచుకుంది. అడక్కుండా ఆవిడ సొత్తు ఎత్తుకొచ్చి పదిమందిలో పెట్టింది కదా. ఇప్పుడు కళ్ళజోడు పైకి వెళుతుందా, శాలువా కదులుతుందా అని ఆ చేతులకేసే చూస్తోంది. చేతులు కదల్లేదు.

“బొత్తాం మీద వేలు అంతసేపు ఉంచకూడదు,” అంది అత్తగారు. “తాకీ తాకనట్టు తీసెయ్యాలి. నీది గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా తెలిసిపోయింది. చిన్నగా చెయ్యడం ఎప్పుడొస్తుంది నీకు?”

కోచమ్మ ఆ మాటలన్నీ వరసగా విన్నది. తిట్లే. ఆరేళ్ళ తర్వాత, తన మొహం చూసి, నోటితో తిట్టిన తిట్లు. ఆవిడకి దుఃఖం పొంగుకొచ్చింది. టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని, పిల్లలందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది. మ్యాచ్ గెలిచినందుకు అనుకున్నారు వాళ్ళు.

“అలాగే అత్తయ్యా,” అంది ఎలాగో.

ముగ్గురూ నడిచి ఇంటికి బయల్దేరారు. మైదానం గేటు దాటేలోపే అత్తగారు ఎత్తుకుంది. ఆ బ్యాంకు కుర్చీ ఇవాళ ఎవత్తో అనుభవిస్తోందట. ఆ మొదటి ఏడాది చలికాలంలో కోడలు వండిన కూరలో ఉప్పెక్కువైందట, చెప్పడానికి లేక నోరు మూసుకుని తిన్నదట. యూనిఫాంలు నానబెట్టే బకెట్లో సబ్బు అంతంత పొయ్యడం దుబారా అట. మధ్యలో ఈ ఏటి గోల ఒకటి, చిట్టెలుకకి భోజనం సరిపోవడం లేదట, దాని చేతులు చూస్తే తెలియడం లేదా అట. కోచమ్మ టోపీ చేత్తో పట్టుకుని పక్కనే నడుస్తోంది.

వీధి మలుపు దగ్గర గడియారాలాయనకి భార్య మీద జాలేసింది. గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, ఇవాళ్టికి కాస్త...” అని మొదలుపెట్టాడు.

కోచమ్మ ఆయన వైపు తిరగనైనా లేదు. ముక్కు మీద లేని కళ్ళజోడుని ఒక వేలితో, చాలా చిన్నగా, పైకి తోసింది. ఆయన మాట అక్కడే ఆగిపోయింది. ఆరేళ్ళ లెక్కలో అత్తగారు ఇంకా రెండో ఏడాదికి రాలేదు.